పిట్టలకు ఇంటిపేరు పెట్టిన బాబాయి

మ్యూజియం వెనక గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు నాదే. లోపల ఉన్న జంతువులన్నీ చచ్చి నోరు మూసుకున్నాయి కాబట్టి, వాటి వాటా మాటలు కూడా కలుపుకుని నా బెంచీ మీద మాట్లాడే మనిషి ఒకాయన ఉన్నాడు. పక్షుల గదిలో అటెండరు. ఊరందరికీ ఆయన బాబాయి, నేను టీ కొట్టు అక్కని. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని ఒకటే. సొరుగు లాగడం, అందులో వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టల మధ్య కలరా ఉండలు వెయ్యడం, సొరుగు మూసెయ్యడం. ఇంటికెళ్ళినా ఆ వాసన వదలదని వాళ్ళావిడ గోల.

ఆ రోజు సంగతి వేరు. మర్నాడు మ్యూజియం జీపు పక్షుల్ని చూడ్డానికి అడవికి వెళ్తోంది. ఒక్క సీటు మిగిలింది. దాని మీద ఇద్దరు కన్నేశారు. ఒకరు బాబాయి, రెండోవాడు ఆయన సొంత బావమరిది, స్టోర్స్ గుమాస్తా. జీపు బయల్దేరిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎక్కారు గానీ బాబాయిని ఎక్కించినవాళ్ళు లేరు. "నువ్వొస్తే సొరుగులు ఎవరు చూస్తారయ్యా" అనేవారు. పై ఏడు ఆయన రిటైర్మెంటు. ఇదే ఆఖరి జీపు. కొత్తగా వచ్చిన పక్షుల మేడమ్, మా పెద్దమ్మాయి ఈడు పిల్ల, టీ తాగి ఎవరొస్తారో చెబుతానని గ్లాసు పట్టుకుని కూర్చుంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. బావమరిది నిట్టూర్చి, ఇంకో టీ చెప్పాడు.

"నా గురించి నేను చెప్పుకోకూడదమ్మా. చెప్పే దిక్కు లేక చెప్పుకుంటున్నాను. నాకున్న విద్య చాలా చిన్నది. ఎండుటాకుల చప్పుడు విని, కింద ఏ పిట్ట ఉందో చెప్పేస్తాను. అంతే. కోడయితే బరబరా గీకుతుంది. ఈ నేలమీద తిరిగే రంగుల పిట్ట ఉంది చూశారూ, అది అలా గీకదు. పరీక్ష కాయితాలు దిద్దే పంతులుగారిలాగ ఒక్కో ఆకునీ ముక్కుతో తిరగేస్తుంది. కింద పురుగుంటే పాసు, లేకపోతే ఫెయిలు."

"ఈ ఆకుల చప్పుడు ఎక్కడ విన్నావు బావా? సొరుగులోనా?"

"పానకంలో పుడకలా అడ్డం రాకు. అమ్మా, వీడు మా ఆవిడ తమ్ముడు. అందుకని ఊరుకుంటున్నాను. ఎక్కడున్నాను? ఆఁ. ఆ విద్య సంగతి ఎలా తెలిసిందో ఏమో, ఒక పరదేశపు పండితుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డం ఇక్కడిదాకా. ప్రపంచంలో ఉన్న పక్షులన్నిటినీ కుటుంబాలు కట్టి, ఒక్కో కుటుంబానికీ ఇంటిపేరు పెట్టుకుంటూ వస్తున్నాడాయన. కాకులకొకటి, పావురాలకొకటి. ఈ పిట్ట దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఎందుకాగాడంటారు? చూస్తే పాటపిట్టల చుట్టరికమే. కానీ పాటపిట్టలు నాన్న దగ్గర పాట నేర్చుకుంటాయి, ఇదేమో గుడ్డులోంచే పాట తెచ్చుకుంటుంది. కొమ్మ మీద కాపురం ఉండదు, నేల మీదే తిండి. నడవదు, గెంతుతుంది. కాళ్ళు పొడుగు. ఒంటి మీద తొమ్మిది రంగులు. తోక అప్పట్లో ఉండేది, ఆ సంగతికి వస్తాను. ఏ ఇంట్లో చేర్చాలో తెలియక ఆయన మా గదిలో తల పట్టుకు కూర్చున్నాడు. నేను కలరా ఉండలు వేసుకుంటున్నాను. 'ఏమిటయ్యా ఇది?' అన్నాడు. చేతినిండా పని, పైగా భోజనాల వేళ. విసుగొచ్చి 'పిట్ట' అన్నాను. అంతేనమ్మా! రాసేసుకున్నాడు. ఇవాళ్టికీ ఏ దేశంలో ఏ పండితుడైనా సరే, ఆ కుటుంబాన్ని పిట్ట అనే పిలవాలి. ఇంకో మాట అనడానికి వీల్లేదు."

నాకు నవ్వొచ్చింది. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"ఆ మాట నిజమే. వాటి శాస్త్రీయ నామం పిట్టా. మన పిట్ట అన్న మాటే అక్కడికి వెళ్ళింది" అంది.

బాబాయి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. దావా గెలిచినవాడు కూడా అంత పొంగిపోడు.

"కాకపోతే ఆ పేరు పెట్టి రెండొందల ఏళ్ళు దాటింది" అందామె.

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "విన్నావా బావా? రెండొందల ఏళ్ళు."

"అదేగా నా బాధ! సర్వీసు రిజిస్టర్లో నా పుట్టిన తేదీ తప్పు వేశార్రా అని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను. దిద్దే నాథుడు లేడు. వాళ్ళ లెక్కన నేను పై ఏడు రిటైరవ్వాలి. సరే, పోనీ. పేరు పెట్టి ఊరుకున్నానా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుటుంబం పెరిగింది. ఉమ్మడి కాపురం, తెలిసిందేగా, ఒకళ్ళకొకళ్ళకి పడదు. ఎర్ర పొట్టవాళ్ళని చూసి పచ్చ వీపువాళ్ళు ముఖం తిప్పుకోవడం. చివరికి వేరుపడతామన్నారు. అన్ని దేశాల పండితులూ పెద్ద హాల్లో కూర్చుని నెలల తరబడి వాదించుకున్నారు, తగువు తెగలేదు. పెద్దమనిషి లేకుండా పంపకాలు ఎలా తెగుతాయి? నాకు కబురొచ్చింది. వెళ్ళాను. పిట్టలూ వచ్చాయి."

"ఎగురుకుంటూనా బావా?"

"వాటికి ఎగరడమంటే బద్ధకం. మెట్ల మీద ఒక్కో మెట్టూ గెంతుకుంటూ వచ్చాయి. వచ్చినవి ఊరుకున్నాయా? పురుగులుంటాయేమోనని హాల్లో తివాచీ మొత్తం తిరగేశాయి. దారి బత్తెం కింద నత్తల్ని తెచ్చుకున్నాయి. నత్తని పగలగొట్టాలంటే వాటికి రాయి కావాలి. హాల్లో రాయెక్కడిది? అధ్యక్షుడి బల్లకేసి కొట్టాయి. ఆ చప్పుడు విని, సభ మొదలైందనుకుని ఆయన లేచి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నేనే కూర్చోబెట్టాను. తగువు సావధానంగా విన్నాను. మూడు వాటాలు వేశాను. పొట్ట ఎర్రగా ఉన్నవాళ్ళంతా ఒక వాటా. మొగుడో రంగూ పెళ్ళాం ఇంకో రంగూ కట్టుకునే వాళ్ళు రెండో వాటా. ఇద్దరూ ఒకేలాంటి బట్టల్లో తిరిగే పచ్చ వీపు వాళ్ళు మూడో వాటా. ఎవరి అడవి వాళ్ళది, ఎవరి పురుగు వాళ్ళది. ఇంటిపేరు మాత్రం ముగ్గురికీ నేను పెట్టిందే."

"మూడు శాఖలు చేసిన మాటా నిజమే" అంది మేడమ్.

నాకు అనుమానం వచ్చింది, ఈయన నిజంగానే ఎక్కడికైనా వెళ్ళొచ్చాడా అని. బావమరిది నా వైపు వంగి, "అక్కా, అదంతా సొరుగుల మీద అట్టముక్కల్లో రాసే ఉంటుంది" అని గుసగుసలాడాడు. బాబాయి విననట్టు తర్వాతి సంగతికి వెళ్ళిపోయాడు.

"అన్నీ పంచాను గానీ ఒకటి మిగిలిపోయిందమ్మా. తోక! అప్పట్లో ఆ కుటుంబానికి నెమలి చూసి తలుపేసుకునేంత తోక ఉండేది. తాతల నాటి ఆస్తి. మూడు వాటాలవాళ్ళూ నాకంటే నాకని జుట్లు పట్టుకున్నారు. ఇదెక్కడి గొడవరా బాబూ అనుకున్నాను. జేబులో అట్టముక్కలు కత్తిరించే కత్తెర ఉంది. ఎవరికీ లేకుండా మొదలంటా కోసి పారేశాను. ఆ దెబ్బకి ఇవాళ్టికీ ఆ కుటుంబంలో ఎవరికైనా తోక ఉందేమో మేడమ్‌ని అడగండి."

"బాగా పొట్టి. లేనట్టే" అంది మేడమ్.

"చూశారా మరి!"

"అయితే బావా, నీ కోతలు ఆ రోజు మొదలయ్యాయన్నమాట."

నేను టీ వడకడుతూ నవ్వాను, సగం కింద పోయింది. బాబాయికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆయన కళ్ళన్నీ మేడమ్ గ్లాసు మీదే ఉన్నాయి. గ్లాసులో టీ అడుక్కి చేరుతోంది. దాంతో వేగం పెంచాడు.

"తోక కోసినందుకు నా మీద కోపం వచ్చిందనుకుంటున్నారేమో. లేదు. బరువు తగ్గి వాటికి వలస తేలికైంది. ఏటా వానలు పడే వేళకి ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోతాయి కదా, అదీ రాత్రుళ్ళు ఎగురుతూ..."

"ఇందాక ఎగరడమంటే బద్ధకమన్నావు?"

"నీకు మాత్రం ఆఫీసు పనంటే బద్ధకం కాదూ? జీతాల రోజు పరిగెత్తుకుని రావూ? అవసరం పడితే ఎవరైనా ఎగురుతారు. ఒక ఏడు నన్నూ రమ్మన్నాయమ్మా. వద్దన్నా వినలేదు, 'మా ఇంటిపేరు పెట్టినవాడివి, నువ్వు రాకపోతే ఎలా' అని. దుప్పటి పరిచి పడుకోమన్నాయి. నాలుగు కొసలూ ముక్కులతో కరుచుకుని లేపాయి. కింద సముద్రం. చల్లగాలి. నాకు నిద్ర కూడా పట్టింది. నడిసముద్రంలో మెలకువ వచ్చి చూద్దునా, పాపం ఒగురుస్తున్నాయి. కళ్ళెదుట పిల్లలు అంత కష్టపడుతుంటే పడుకోవడానికి మనసెలా వస్తుంది? దిగిపోయాను. వాటన్నిటినీ దుప్పట్లో పడుకోబెట్టి, మూట కట్టి, నెత్తిన పెట్టుకుని..."

"నీళ్ళ మీద నడిచావా బావా?"

"నడుస్తానా? మేము నడవం. గెంతుతాం. ఒక్కో అల చూసుకుంటూ, ఈ అల మీంచి ఆ అల మీదికి. తెల్లారేసరికి అవతలి ఒడ్డు. పంచె అంచు కూడా తడవలేదు. మూట విప్పాను. ఆ ఇసుకలో ఏముందో తెలుసా..."

"బాబాయి గారూ" అంది మేడమ్. గొంతు బాగా తగ్గించింది. "గట్టిగా కదలకండి. మీ వెనక, ఆ ఖాళీ సోడా పెట్టెల పక్కన, ఆకుల్లో ఉందే, అదేమిటి?"

బాబాయి భుజం మీంచి ఒక్క చూపు విసిరాడు.

"అదా? ఏదో పిట్ట లేమ్మా. బాదం చెట్టు కింద ఇలాంటివి బోలెడు వస్తాయి. ఆ ఇసుకలో ఏముందంటే..."

"అవును. పిట్టే" అంది మేడమ్.

బావమరిది సగం లేచి అలాగే నిలబడిపోయాడు. నేనూ చూశాను. గుప్పెడంత ఉంది. పచ్చటి వీపు, రెక్క దగ్గర మెరిసే నీలం, కంటి మీదుగా కాటుక పూసినట్టు నల్లటి చార, తోక ఉండాల్సిన చోట ఏమీ లేనట్టే. ముక్కుతో ఒక బాదం ఆకు ఎత్తి పక్కన పడేసి, దాని కింద చూసింది. రాత్రి వానలో దారి తప్పి, అలిసి దిగి ఉంటుందని మేడమ్ మెల్లగా చెప్పింది.

బాబాయి మాట ఇసుక దగ్గరే ఆగిపోయింది. పూర్తిగా వెనక్కి తిరిగాడు. బెంచీ దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిట్ట రెండు గెంతులు ముందుకు వేసి, పొడుగు కాళ్ళ మీద నిటారుగా నిలబడి ఆయన్నే చూసింది.

"అమ్మా" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "దీనికి కళ్ళు నల్లగా ఉంటాయా? తెల్లగా కదా ఉంటాయి?"

బావమరిది పకపకా నవ్వాడు. "బావా, అవి దూది ఉండలు! సొరుగులో పెట్టేముందు కళ్ళు తీసేసి దూది కూరుతారు. ముప్ఫై ఏళ్ళు అవే కళ్ళనుకున్నావా?"

నేనూ నవ్వాను. నవ్విన మరుక్షణం నాకు సిగ్గేసింది. వెల్లకిలా పడుకున్నదాన్ని తప్ప ఆయన దాన్ని ఇంకోలా చూడలేదు. వీపు పచ్చగా ఉంటుందని అట్టముక్క మీద చదివాడు, అంతే. కళ్ళ సంగతి అట్టముక్క మీద ఎవరూ రాయలేదు.

మేడమ్ ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టింది. "రేపు జీపులో సీటు మీదే, బాబాయి గారూ. కానీ ఒక్క షరతు. మాట వినపడితే ఈ పిట్ట కనపడదు. అడవిలో ఉన్నంతసేపూ మీరు నోరు విప్పకూడదు."

"అలాగైతే సీటు నాకొచ్చినట్టే మేడమ్" అన్నాడు బావమరిది. "వెళ్ళి బట్టలు సర్దుకుంటాను. బావా, నా స్టోర్స్ తాళాలు తీసుకో."

బాబాయి సంగతి తెలిసిందే. బావమరిది ఒక్క మాటంటే పది మాటలు తిరిగిచ్చే మనిషి. ఇప్పుడూ ఏమైనా అంటాడేమోనని చూశాం. పిట్ట ఇంకో ఆకు తిరగేస్తోంది. ఆయన కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"బాబాయ్, టీ చల్లారిపోతోంది, ఇంకోటి పొయ్యనా?" అన్నాను.

ఆయన తల తిప్పలేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, నన్ను నోరు ముయ్యమన్నాడు.