నీలం తెర వచ్చిందా వదినా?

మళ్ళీ అదే ప్రశ్నా? ఇంకేం మిగిల్చావు పాడుచెయ్యడానికి? నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న లాప్‌టాప్! అప్‌గ్రేడ్ చెయ్యి నాయనా అని నీ కాళ్ళావేళ్ళా పడ్డానా? ‘కొత్త లినక్స్ వచ్చింది వదినా, ఒక్క అరగంట’ అన్నావు. పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నావు. ఇప్పుడు మూడు దాటింది!

ఏంటీ, గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కట్లేదా? అది నువ్వు చెప్పాలా? తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. పక్కనున్న పెద్ద మానిటర్ నల్లబడి కూర్చుంది. నేను గీస్తున్న పళ్ళ సెట్టు బొమ్మని ఇలా కాస్త తిప్పితే, అది కదిలేలోపు బట్టలు ఆరేసి రావచ్చు.

నాలుగింటికి ఫైలు వెళ్ళకపోతే ల్యాబ్‌లో పళ్ళు చెక్కే మిషన్ కట్టేసుకుని పోతారు. ఆ సెట్టు ఎవరికో తెలుసా నీకు? ఒక పంతులమ్మకి. మూడు వారాలుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. రేపు బడి తెరుస్తారు. పళ్ళు లేకుండా పిల్లలకి శ, ష, స ఎలా పలికిస్తుంది, నువ్వెళ్ళి పలికిస్తావా? ఇంకా రెండే రెండు దంతాలు, అవి దిద్దితే అయిపోయేది!

ఏంటా మొహం? మళ్ళీ తీసేసి మళ్ళీ వేస్తావా? ఇప్పటికి నాలుగుసార్లు వేశావుగా. ‘ఎక్కడ పొరపాటు చేశానో తెలీట్లేదు వదినా’ అట. పాపం! చెమటలు తుడుచుకో ముందు.

ఆపు. ఆ సారీలు ఆపమన్నానా! ఒళ్ళు మండుతోంది వింటుంటే.

పోయిన ఆదివారం చెప్పాల్సింది సారీ. అంతమంది చుట్టాల ముందు, భోజనాల దగ్గర ఏమన్నావు? ‘మా వదినకేం, కూర్చుని మౌస్ తిప్పుకోవడమేగా, మౌస్‌రాణి!’ అందరూ ఒకటే నవ్వు. మీ అన్నయ్యయితే పొలమారేదాకా నవ్వాడు. ఒక్కో పన్నునీ కళ్ళు పోయేలా చూసి, పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలిసేలా దిద్దేది ఎవరు? మౌసా?

గుర్తులేదా! నీకెందుకుంటుంది.

సరే, విను. పదకొండింటికి రీస్టార్ట్ కొట్టి, మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళావు. ‘నీలం తెర వస్తే కేకెయ్యి వదినా, ఒక్కసారే వస్తుంది, పది సెకన్లే ఉంటుంది, నేను పెట్టిన పాస్‌వర్డ్ కొట్టకపోతే లాప్‌టాప్ డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు’ అని చెప్పి మరీ వెళ్ళావు. వచ్చాక ‘వచ్చిందా?’ అని అడిగావు. రాలేదన్నాను.

వచ్చింది.

పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెట్టింది కూడా. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నా. నిన్ను కేకెయ్యాలంటే నోరు రాలేదు. కాసేపు తంటాలు పడతావు, నీ పరువూ కాస్త పోతుంది అనుకున్నా. పంతులమ్మ ఆ క్షణాన గుర్తుకే రాలేదు, ఏం చెయ్యను?

అలా చూడకు. తిట్టాలంటే నాలుగు దాటాక తిట్టు. మళ్ళీ ఆ తెర వచ్చేలా చెయ్యి, ఈసారి నేనే కొడతా. ఇంతకీ పాస్‌వర్డ్ ఏం పెట్టావు?

నసగకు, చెప్పు.

‘మౌస్‌రాణి’ అనా!

వద్దు, మార్చకు. అదే ఉంచు. నాలుగు గంటలు మింగేసిన రాణి, తన పేరు తనే కొట్టుకుని చస్తుందిలే.