ఎనిమిది లేని సెట్టు

అది కాదండీ పాస్టరయ్యగారూ, పేకాట క్లబ్బుకి పోదామనుకున్నవాడు చర్చి మెట్ల మీద నుంచుని, పదిమందీ వినేలా ఫోన్లో మాట్లాడతాడాండీ? మీరే చెప్పండి. తప్పుడు పనికెళ్ళేవాడు ముందు గొంతు తగ్గిస్తాడు కదండీ.

పదకొండేళ్ళండి. పదకొండేళ్ళనించీ ఈ సంఘానికి పెద్దని నేను. నెలకోసారి ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకుని మీ పక్కన నుంచునేది ఈ సుందరరావే. అలాంటిది, ఈ ఆదివారం సుందరరావు బల్ల దగ్గరికి రాకూడదు, పళ్ళెం ముట్టుకోకూడదు అని నిన్న కబురంపారు. ఎవరితో అంపారండీ? మన సంఘంలోని ఎజ్రాగారితో. మీకు చాడీ చెప్పిందీ ఆయనే, నాకు తీర్పు మోసుకొచ్చిందీ ఆయనే. బస్సు చార్జీ కూడా కలిసొచ్చిందాయనకి.

ఆయన మెట్ల దగ్గర విన్నది అబద్ధం కాదండి. అక్కడే వచ్చింది చిక్కంతా. నేనన్న మాటలు నేనే చెబుతాను. "చవక క్లబ్బులైతే పరువు పోద్దండి, ఖరీదైన క్లబ్బులు మా స్థాయికి ఎక్కువండి" అన్నాను. ఆ తర్వాత "ఏడుందంటున్నారు, తొమ్మిదుందంటున్నారు, మధ్యలో ఎనిమిది లేకపోతే ఆటెలాగండీ?" అన్నాను. "ఫుల్ సెట్టయితే ఎంతకొస్తాది?" అని కూడా అడిగాను.

నవ్వుతున్నారు. ఏడూ తొమ్మిదీ చేతిలో పెట్టుకుని ఎనిమిది కోసం చూసేది పేకాటలోనని నాకు మా ఆవిడ హన్నమ్మ చెబితే తెలిసింది. ఆవిడకెలా తెలుసో నేనడగలేదు. ఎజ్రాగారికెలా తెలుసో మీరడిగారాండీ?

ఏలూరు చుట్టుపక్కల క్లబ్బంటే ఒకటేనండి, తలుపులేసుకుని ముక్కలు పంచుకునే చోటు. గోల్ఫు ఆడే కర్రని కూడా క్లబ్బే అంటారని మొన్నటిదాకా నాకు మాత్రం తెలుసా? పొడుగాటి కర్ర, కొసని ఇనప పాదం. ఒక్కోదానికీ ఒక్కో నంబరు. చవక సెట్టులో ఏడు, తొమ్మిది ఇచ్చి ఎనిమిది ఎగ్గొడతారు. ఖరీదైనదాంట్లో అన్నీ ఉంటాయి. ఫోన్లో కొట్టువాడితో బేరమాడింది వాటికేనండి. అదండీ నా పేకాట.

ఆ మాటే హన్నమ్మకి చెబితే, మన దెందులూరులో గోల్ఫేంటని మొహం అటు తిప్పుకుంది. కర్రలు తెచ్చి చూపిద్దామా అంటే, ధర అడుగుద్ది.

నాకెందుకంటారా? ఇరవైరెండేళ్ళండి, చేపల మేత అమ్ముతున్నాను. కొల్లేరు చుట్టూ నేను తొక్కని చెరువు గట్టు లేదు. మా ఎమ్.డి. గారికి నా మొహమే గుర్తుండేది కాదు. ఆయన హైదరాబాదులో గోల్ఫు ఆడతారు. మా ఆఫీసులో నాలుగేళ్ళ కిందట చేరిన రాజ్ కుమార్ ఆయనతో రెండాటలాడాడు, జోనల్ మేనేజరై కూర్చున్నాడు. బస్తా మీద రేటు ఎక్కడుంటుందో నేను చూపించానండి వాడికి. ఇప్పుడు సార్ అంటున్నాను.

నేర్చుకోవాలి కదాని, అడిగి తెచ్చుకున్న కర్రతో మండవల్లిలో వెంకట్రాజుగారి చెరువు గట్టెక్కాను. కొట్టిన బంతి కొట్టినట్టు చెరువులోకే. మేత వేస్తున్నారనుకుని చేపలన్నీ ఎగబడి వచ్చేసేవి. వెంకట్రాజుగారు చూసి చూసి, "మేనేజరుగారూ, ఈ కొత్త మేత మునిగిపోతందండి, తేలే రకం లేదాండీ?" అన్నారు. ఆయన వేళాకోళమాడలేదండి, నిజంగానే అడిగారు.

ఇక కొనే దగ్గర నలిగిపోయాననుకోండి. చవకది పట్టుకెళితే ఎమ్.డి. గారు నవ్వుతారేమోనని భయం. పోనీ అప్పోసప్పో చేసి ఖరీదైనది కొంటే, అది ఆయన దానికన్నా మెరిసిందనుకోండి? ఉద్యోగంలో పైవాడికన్నా మంచి చొక్కా వేసుకోకూడదండి, ఇరవైరెండేళ్ళలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

చివరికేది కొన్నానా? మీ దగ్గర దాపరికమేంటండి. కర్రలు చవకవే. సంచి మాత్రం ఖరీదైన కంపెనీది, కర్రల తలలకి తొడుగులూ ఆ కంపెనీవే. జిప్పు తీసేదాకా లోపల ఎనిమిది లేదని ఎవరికీ తెలీదు. అలా చూడకండి. ఆదివారం మనందరం తెల్లబట్టలేసుకుని రావట్లేదాండీ?

ఆఁ? పొరపాటైపోయిందంటారా? ఇప్పుడే ఎజ్రాగారికి ఫోన్ చేసి, సుందరరావు మీద నింద కొట్టేశాం, పళ్ళెం ఆయనే పడతారని చెబుతారా?

ఆగండి. ఒక్క నిమిషం. ఫోన్ కింద పెట్టండయ్యగారూ.

ఆ ఆట ఈ ఆదివారమేనండి. పొద్దున్న ఏడింటికి, హైదరాబాదులో. నాకూ ఆట వచ్చని తెలిసి, ఎమ్.డి. గారు పేరు పెట్టి పిలిచారు, నన్ను. బల్ల ఆదివారమండీ, పై వారం పెట్టుకుందామండీ అందామని నోటిదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే "తప్పకుండా సార్" అని వచ్చింది. మా నాన్న చనిపోయిన నెలలో కూడా నేను బల్ల మానలేదండి.

నిన్న ఎజ్రాగారు వచ్చి నువ్వు రాకూడదు అన్నప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఆ వెనకాలే, ఒక్క క్షణం, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యని తట్టుకోలేకే ఇంతసేపూ మీ మీద అరిచాను. సిగ్గుగా ఉందండి.

మీరిప్పుడు నింద కొట్టేశారనుకోండి, ఆదివారం పళ్ళెం పట్టేవాడేడని అందరూ అడుగుతారు. హన్నమ్మ ఏం చెబుద్ది? ఎమ్.డి. గారు పిలిచారని ప్రభువు బల్ల వదిలేసి పోయాడనా? పేకాడే మొగుడి కోసమైతే ఆవిడ ఉపవాసముండి ప్రార్థన చేస్తుంది. ఈ పని చేసినవాడి మొహం చూడదండి.

అందుకని, ఈ ఒక్క ఆదివారం నన్ను పేకాటోడిగానే ఉండనివ్వండి. ఎజ్రాగారిని నిలబెట్టి, బల్లకి రాకూడనివాడని నా పేరు చదివించండి, ఆయనకీ సంతోషంగా ఉంటుంది. నింద పై నెలలో కొట్టేద్దురుగాని.