ఖైరున్నీసా మెటడోర్‌లో చప్పుడు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద ఘని మెకానిక్ షెడ్డు. మెటడోర్ వ్యాను కింద ఘని పడుకుని ఉన్నాడు. వ్యాను లోపల, వెనక భాగంలో, చక్రాల కుర్చీలో ఖైరున్నీసా. బయట నిలబడి డ్రైవరు మునెప్ప. ఎదురుగా టీ అంగట్లో బస్సుల ఓనరు గంగులయ్య.

"ఊపు మునెప్పా, ఊపు! ఇంగా గట్టిగా."

"ఊపతానే ఉండా గదా మేస్త్రీ! ఈడికే నా నడుం పడిపాయ."

"సప్పుడు వచ్చెనా?"

"రాలా."

"ఖైరున్నీసమ్మా, పైన మీకేమన్నా వినబడెనా?"

"నిలబెట్టి ఊపితే యాడొస్తాది మేస్త్రీ? రోడ్డెక్కితేనే గదా వచ్చేది."

"అదే నాకు అంతు పట్టడం లేదు. పొద్దన్నుంచి తిప్పి తిప్పి సాలైపాయ. చక్రాల మీదుండే కమాన్ కట్టలు దించి సూస్తి, ఒక్క పట్టీ ఇరగలా. బుష్షులు కొత్తవేస్తి. బోల్టులు బిగిస్తి. గ్రీజు పెడ్తి. ఇంగేం సెయ్యల్ల?"

"నన్నడుగుతావేంది? సప్పుడింటే సాలు, జబ్బు యాడుండాదో సెప్పేస్తానని ఊరంతా దండోరా ఏసుకుంటివే."

"సెప్తానమ్మా. కొంచెం ఓపిక పట్టండి."

"సాయంత్రానికి కుప్పం పోవల్ల. హాస్టలు పిలకాయలకు కుట్టిన గుడ్డలు ఇంటికాడ మూటలు కట్టి ఉండాయి. నీ ఓపికతో నాకేం పని? అద్దో, గంగులయ్య కూడా సూస్తాండాడు."

"తెలుసు, తెలుసు."

"ఆయన బస్సులన్నీ ఇంగ నీ షెడ్డుకేనంట గదా?"

"మాటైతే ఇచ్చినాడు. ఈ పొద్దు నా పని కండ్లారా సూసి ఖాయం సేస్తాననె. ఆ బస్సులొస్తే నా బతుకు బాగుపడతాది. మీ బండి ఈ పొద్దే రావల్లనా!"

"తెలిసే వస్తిని. నీ పనితనం ఆయన్ని కూడా సూడనీ అని."

"మునెప్పా, నువ్వు సెప్పు. ఎప్పుడొస్తాది, ఎప్పుడు రాదు?"

"ఎన్ని సార్లు సెప్పేది మేస్త్రీ? గుంతలో దిగితే టక్ మంటాది. మళ్లా ఒగసారి టక్. వెనకాల నుంచి. అమ్మ లేకుండా ఉత్త బండి తోలితే రాదు."

"అంటే బరువుకు వస్తాది. అందుకే గదా అమ్మను దించి, సిమెంటు మూటలు పెట్టి తోలిస్తి."

"అప్పుడూ రాలేదే!"

"రాలా. ఆమె కంటే ఎక్కువ బరువే పెడ్తి. ఆమెను ఎక్కించినా, నేను వెనక కూసుంటే రాదు, ముందర కూసుంటే వస్తాది. ఇట్లాంటి మాయదారి బండిని నా పుట్టుకలో సూడలా."

"కుర్చీ గొళ్లేలేమో?"

"గుడ్డ సుట్టి బిగిస్తినమ్మా. మిమ్మల్ని ఎక్కించే పలక కూడా తీసి పక్కన పారేస్తి. యాడా ఏమీ లేదు."

"సరే, ఎట్లాగూ కిందనే పడుకోని ఉండావు. ఒగ మాట సెప్తా, ఇంటావా?"

"సెప్పండి."

"పుంగనూరులో ఒగ పిల్ల ఉండె. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు సచ్చుబడె. మదనపల్లె నుంచి సంబంధం వచ్చె. కాళ్లు బాగలేవని ముందే సెప్పినారు. సరేననే వచ్చిరి. మొగోళ్లంతా ముందింట్లో, పిల్ల పరదా వెనకాల. పిలగాడు మెకానిక్కు."

"మునెప్పా, ఆ స్పానరియ్యి."

"ఏ నంబరు మేస్త్రీ?"

"ఏదో ఒగటియ్యి!"

"ఇంటాండావా మేస్త్రీ?"

"ఇంటాండా, ఇంటాండా."

"పిల్ల లేచి నడిచి వస్తాండాది. పరదా దాకా కూడా రాలా. అంతలోనే ఆ పిలగాడు అందరికీ వినబడేటట్టు ఒగ మాటనె. ఏమనెనో తెలుసా?"

"నాకేం తెలుసమ్మా?"

"షెడ్డులో ఉండే రిపేరు బండ్లు సాలవా, ఇంట్లో కూడా ఒగటి యాల అనె. మొగోళ్లంతా పడీ పడీ నగిరి."

"థూ! వాని నోట్లో మన్ను పడ!"

"అట్లనగాకు మునెప్పా. మేస్త్రీ మనసు నొచ్చుకుంటాది."

"మేస్త్రీకేమమ్మా నొప్పి?"

"ఆ మాట పుంగనూరంతా పాకె. బజార్లోకి పోతే రిపేరు బండొచ్చె, రిపేరు బండొచ్చె అని పిలకాయలు వెంటబడేవాళ్లు. ఇంగ ఆ గడప ఎవురూ తొక్కలా. ఆ దిగులుతోనే మా అమ్మ పాయ."

"మీ అమ్మా? ఆ పిల్ల అమ్మ గదా?"

"మా అమ్మే మునెప్పా. మైమూన్ బీ. ఆ పొద్దు షర్బత్తు కలిపింది ఆమే. ఒక్కరూ ముట్టలా."

"అమ్మా... మీరేనా ఆమె?"

"ఏం మేస్త్రీ, గుర్తు పట్టలేకపోతివా?"

"మొగమన్నా సూడలేదే నేను!"

"సూసేదాకా యాడ నిలబడితివి?"

"అప్పుడు నాకు బుద్ధి లేదమ్మా. వయసు పొగరు. ఊరికే తమాసకు అంటి."

"తమాసకా? సరే. ఆ పొద్దు నుంచి నాకూ ఒగ తమాస సూడల్లనే ఉండాది."

"మేస్త్రీ, మేస్త్రీ! గంగులయ్య లేచినాడు. స్కూటరు తీస్తాండాడు."

"జరుగు జరుగు, బయటికి రానీ! అన్నా! గంగులయ్యన్నా! ఒక్క నిమిసం! అయ్యో, పాయనే. ఏమనె మునెప్పా?"

"ఒగ వ్యానులో సప్పుడే కనుక్కోలేనోడు నా బస్సులేం సూస్తాడనె."

"నా పని అయిపాయ. సంతోషమా అమ్మా?"

"ఇంగా లేదు. సప్పుడు దొరకలేదే."

"ఇంగ దొరికితే ఏమి, దొరక్కపోతే... ఉండండి! మునెప్పా, బండిని ముట్టుకోగాకు."

"నేను ముట్టుకోలా మేస్త్రీ. నీ పక్కనే ఉండా."

"ఇంజను ఆపే ఉండాది. బండి కదల్లా. సప్పుడొచ్చె గదా? టక్ మనె!"

"మళ్లా ఇంటావా?"

"వచ్చె! మళ్లా వచ్చె! ఇది కమాన్లది కాదు, కిందది కాదు. లోపల్నుంచే వస్తాండాది. అమ్మా... మీ కాళ్ల మీద ఆ దుప్పటి కింద ఏముండాది?"

"నా చంకకర్ర మేస్త్రీ. ఆ పొద్దు పరదా అవతల రెండు సార్లు టక్ మంటే సాలు, కనిపెట్టేసి లేచి పోతివే. ఈ పొద్దు యాల ఇంత సేపు పట్టె?"