పదిహేను వేల వోల్టుల దర్జీ

ఆ సాయంత్రం టీ కొట్టు బోర్డు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎర్రగా వెలిగింది. ఎనిమిది నెలలుగా సగమే వెలుగుతున్న నియాన్ బోర్డు అది. దాని వెనకుండే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెను బాగుచేసింది దర్జీ మాస్టారి తోడల్లుడు. బడిలో గుమాస్తా, ఇలాంటి పెట్టెలు బాగుచేయడం ఆయనకు సరదా. అందరూ తలెత్తి బోర్డు చూస్తుంటే మాస్టారొక్కడే టీ గ్లాసులోకి చూస్తున్నాడు. ఎదుటివాడి మెప్పు మింగుడుపడని నోటికి టీ కూడా చేదే. ఎదురుగా ఆయన షాపు బోర్డు చీకటిగా ఉంది. నాలుగు రోజులుగా కుట్టుపని కూడా లేదు. కత్తెర సానకిచ్చానని చెబుతున్నాడు.

"బాగానే ఉందిలే. మా మరదలి మొగుడు, కాదనను. కానీ ఏం చేశాడని? పెట్టె విప్పాడు, తారు తీశాడు, తెగిన తీగ అతికాడు. ఆ పని నేను ఏనాడో చేసి వదిలేశాను. సినిమా హాలు బోర్డుండేది చూడు, దాని పెట్టె. పదిహేను వేల వోల్టులు. లోపలంతా నల్లటి తారు, రాయిలా గడ్డకట్టి. గుమాస్తా అయితే దాన్ని రెండ్రోజులు వేడిచేసి, బతిమాలి, గీకుతాడు. నేను పొద్దున కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఖాళీ చేశాను."

"దేంతో తీశావు మాస్టారూ?" అన్నాడు సైకిల్ షాపు ఆయన.

"చేత్తో. పనిముట్లు చేతకానివాడికి. సరే, తారు తీస్తే ఏముంటాయి? ఎడమవైపొక తీగచుట్ట, కుడివైపొక తీగచుట్ట. రెండూ కవలపిల్లల్లాంటివి. ఒకదానికి ఎక్కువ పెట్టావా, రెండోది అలుగుతుంది, సగం బోర్డు మొహం మాడ్చుకుంటుంది. ఇద్దర్నీ సమానంగా చూడాలి. మా అత్తగారికి ఆ సంగతి తెలీదు. చిన్నల్లుడొస్తే కుర్చీ తుడిచి వేస్తుంది, నేనొస్తే కుర్చీ నన్నే వెతుక్కోమంటుంది. అదలా ఉంచు. కాలిన చుట్ట విప్పి కొత్త తీగ చుట్టాను. తలవెంట్రుక కంటే సన్నం. నలభై వేల చుట్లు, మిషను మీద బాబిన్ చుట్టినట్టు, కళ్ళు మూసుకుని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటిచ్చి చెవిపెట్టి విన్నాను. ఎడమవైపు ఒక చుట్టు తక్కువ."

"నలభై వేలలో ఒకటా?"

"ఒకటి కూడా కాదు, ముప్పాతిక. సరిచేశాను. అప్పుడు కుదిరింది చూడు తూకం, బంగారం కొట్టువాడు వచ్చి నేర్చుకోవాలి. ఎడమ గొట్టం మీద పురుగు వాలితే చాలు, కుడివైపు వెలుతురు చిన్నబుచ్చుకునేది. పాపం ఆ పురుగును తోలడమెందుకని ఇంకోదాన్ని పట్టుకొచ్చి కుడివైపు కూర్చోబెట్టాను. నాలుగు రోజులకి వాటికే తెలిసిపోయింది. జంటలుగా వచ్చి చెరోవైపు వాలేవి. మరి ఈ బోర్డు చూడండి."

చూశారు. ఎడమవైపు మూడు పురుగులు, కుడివైపు ఒకటి.

"చూశారా, తూకం లేదు. నా బోర్డు వెలుతురుకి పక్క ఊళ్ళో సూదిలో దారం ఎక్కించుకునేవాళ్ళు. పున్నమినాడు చందమామ సగం పైకొచ్చి, ఇక్కడ నా పని అయిపోయిందనుకుని మళ్ళీ దిగిపోయాడు."

"ఆర్పెయ్యకపోయావా?" అన్నాడు టీ కొట్టు యజమాని, పాలు తిప్పుతూ.

"ఆరితేగా. స్విచ్చి కట్టేశాను. ప్లగ్గు పీకాను. పెట్టె విప్పుకొచ్చి మా మంచం కింద పెట్టుకున్నాను. అయినా అక్కడ బోర్డు మూడు రోజులు వెలిగింది, ఒట్టి అలవాటు కొద్దీ. గుమాస్తా చేసింది అలా వెలుగుతుందేమో, ప్లగ్గు పీకి చూడండి."

టీ కొట్టు యజమాని పొయ్యి తగ్గించి, బల్ల కింద నుంచి ఒక ఇనపపెట్టె లాగాడు.

"ఇదిగో మాస్టారూ, నీ షాపు బోర్డు పెట్టె. నా దాంతో పాటే బాగైపోయింది."

"నాదని ఎవరు చెప్పారు?"

"నువ్వు సంచిలో పెట్టి కుట్టి ఇచ్చావు, ఎవరిదో చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. మీ తోడల్లుడే పోల్చుకున్నాడు. సంచి విప్పితే, తారులో పిడిదాకా దిగబడి నీ కత్తెర ఉందట."

సైకిల్ షాపు ఆయన గ్లాసు కింద పెట్టాడు. "సానకిచ్చానన్నావు?"

యజమాని గూట్లోంచి కాగితం పొట్లం తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. లోపల కత్తెర. ఎక్కడా తారు మరక లేదు.

"సానకిచ్చానని నువ్వు అందరితో అంటున్నావని మాటల్లో నేనే ఆయనతో చెప్పాను. అన్నయ్య మాట అబద్ధం కాకూడదని, శుభ్రంగా తుడిచి, సాన పట్టించి మరీ పంపాడు."

మాస్టారి చొక్కా చేతి అంచున ఒక దారప్పోగు వేలాడుతోంది. దానికి కత్తెర పెట్టాడు. తాకీ తాకకముందే తెగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన కత్తెరను బోర్డు వెలుతురుకి ఎత్తి, ముందు ఒక రెక్క, తర్వాత రెండో రెక్క, చాలాసేపు చూశాడు.

"ఒకవైపు పదును కాస్త ఎక్కువైంది," అన్నాడు. "తూకం లేదు."