పదకొండో పేజీ

గణితశాఖలోని ఒక గదిలో ఆచార్యురాలు, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి నల్లబల్ల ముందు నిలబడి ఉన్నారు.

“మీ పాత పేపర్లో పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను మేడమ్. ‘ఇది స్పష్టమే’ అని రాసి ముందుకెళ్లిపోయారు. మూడు వారాలైనా నాకు స్పష్టం కాలేదు.”

“క్లాసులో ఎవరైనా అలా రాస్తే నేనేం చేస్తాను?”

“రెండు మార్కులు కోస్తారు.”

“కానీ అక్కడ నిజంగానే స్పష్టం. సుద్దముక్క ఇటివ్వు, రెండు వరుసల పని.”

“ఇదిగోండి.”

“ఇది ఇలా తీసుకుంటే... కాదు, ఇటు నుంచి...”

“మేడమ్, ఎనిమిదో వరుస రాస్తున్నారు.”

“కనబడుతోంది.”

“పొరపాటు నాదే అయ్యుంటుంది. ఇరవై ఏళ్లుగా ఎంతమంది వాడుకున్నారు దీన్ని.”

“వాడుకునేవాళ్లు చదవరమ్మా. పైఅంతస్తు కట్టేవాడు పునాది తవ్వి చూస్తాడా? నీ థీసిస్‌లో ఎంత దీనిమీద నిలబడింది?”

“రెండు అధ్యాయాలు.”

“కూర్చో.”

“అప్పట్లో ఎవరూ అడగలేదా మేడమ్?”

“ఒక్కరు అడిగారు, మా గురువుగారు. సరిగ్గా ఈ పేజీ తీసి, ‘ఇది నాకు అందడం లేదమ్మా’ అన్నారు. రిటైరవడానికి నెల ముందు.”

“మీరేమన్నారు?”

“పెద్దాయన, బుర్ర మందగించింది కాబోలని జాలిపడ్డాను.”