ఎస్కెల్ అంబులెన్స్‌కు వంతులు వేసిన సంగతి

టార్న్ కౌంటీ షెరిఫ్ కార్యాలయం, మెరిడన్. నవంబరు 18, మంగళవారం ఉదయం. డిప్యూటీ రూడ్ అడగగా చెప్పినది.

నా పేరు లవాన్ ట్వైట్. వయస్సు డెబ్బై రెండు. మా ఆయన హెర్మన్ కాలం చేసి ఆరేళ్లయింది. నార్త్ డకోటా రాష్ట్రం, టార్న్ కౌంటీ, ఎస్కెల్ గ్రామంలో పోస్టాఫీసు పక్కనున్న బ్యూటీ పార్లర్ నాదే. ఇప్పుడు శుక్ర, శనివారాలు మాత్రమే తెరుస్తున్నాను. ఇదివరకు నా మీద ఏ కేసూ లేదు. కావాలంటే లాయరును పెట్టుకోవచ్చని డిప్యూటీ చెప్పారు. వద్దన్నాను.

మా ఊరి ఫైర్ స్టేషన్ అంటే ఒక రేకుల షెడ్డు. అందులో ఫైరింజన్, అంబులెన్స్ పక్కపక్కన ఉంటాయి. వాటిని నడిపేవాళ్లు జీతగాళ్లు కారు, ఊరివాళ్లే. మార్సీ హాగెన్ బ్యాంకులో పని చేస్తుంది. పిలుపు వస్తే కౌంటరు మూసేసి పరిగెత్తుతుంది. డ్వేన్ అనే అతనికి ఎరువుల కొట్టు ఉంది. అంబులెన్స్ నడిపేది అతను. డీజిలు, మందులు, ఆక్సిజన్, నీళ్ల గొట్టాలు, వీళ్లకిచ్చే శిక్షణ, అన్నీ ప్రాంతీయ మండలి ఇచ్చే గ్రాంటుతోనే నడుస్తాయి.

మార్చి నెలలో స్టేషన్ కోసం ఏటా పెట్టే పాన్‌కేకుల విందుకు మండలి తరఫున పెల్కి గారు అనే ఆయన వచ్చారు. అందరం తింటుండగా లేచి నిలబడి కొత్త నిబంధన చెప్పారు. ఎస్కెల్ అంబులెన్స్ ఏడాదిలో కనీసం అరవై సార్లు బయటకు వెళ్లాలి. వెళ్లకపోతే వచ్చే జనవరి నుంచి గ్రాంటు ఆగిపోతుంది. ఆ డబ్బు, బండి రెండూ పిలుపులు ఎక్కువున్న మెరిడన్‌కు పోతాయి.

"ఇది నా నిర్ణయం కాదండీ," అన్నారాయన.

వెనక బల్ల మీద కూర్చున్న ఓరిన్ స్టెన్మో, "అయితే మేం సరిపడా చావడం లేదంటారు," అన్నాడు.

అందరూ నవ్వారు. పెల్కి గారూ నవ్వారు. ఆ తరువాత ఆయన పాన్‌కేకు ముట్టుకోలేదు.

ఓరిన్ స్టెన్మో ఊరికి ఉత్తరాన సేద్యం చేస్తాడు. అరవై ఆరేళ్లుంటాయి. అతని సంగతి నేను ప్రత్యేకంగా చెప్పాలి, తరువాత చెబుతాను.

మా ఊళ్లో జబ్బులు లేక కాదు. పిలవరు. అంబులెన్స్ బిల్లుకు భయపడి కొందరు పిలవరు. పనిలో ఉన్న మార్సీని, డ్వేన్‌ని లేపి రప్పించడం మర్యాద కాదని ఎక్కువమంది పిలవరు. భుజం ఎముక విరిగినా ఒంటి చేత్తో పికప్ నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లే మనుషులు మా వాళ్లు. అందుకని మొదట నేను చేసింది తప్పేమీ కాదనుకుంటాను. నా కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ చెప్పాను, ఒంట్లో బాగోకపోతే మొహమాటపడకుండా పిలవండని.

"నా గ్యాసు నొప్పికి మార్సీ బ్యాంకు మూసుకుని రావాలా?" అని అడిగింది ఒకావిడ.

"అది గ్యాసో కాదో తేల్చాల్సింది నువ్వా, మార్సీనా?" అన్నాను.

కొంతమంది పిలిచారు. ఆ పిలుపులు నిజమైనవే. వాటిలో ఒకటి గ్యాసు కాదని కూడా తేలింది. ఇది డిప్యూటీ రాసుకోవాలని కోరుతున్నాను.

అయినా ఆగస్టు చివరికి లెక్క చాలా వెనకబడే ఉంది. ఒక శనివారం ఆర్డిస్ కోల్బీ డ్రయ్యర్ కింద కూర్చుని ఉంది. ఆర్డిస్, నేను చిన్నప్పటి నుంచి స్నేహితులం. డ్రయ్యర్ చప్పుడులో తన మాట తనకే వినబడక గట్టిగా అరిచినట్టు అడిగింది.

"ఏమే లవాన్, నాకు ఊరికే కళ్లు తిరిగితే సరిపోతుందా?"

పార్లరంతా వినబడింది. ఒకరు నవ్వారు. అలా మొదలైంది. మాట ఆర్డిస్‌దే. వంతులు వేసింది మాత్రం నేను. ఆర్డిస్ తన సంగతి డిప్యూటీకి ముందే చెప్పేసింది గనక ఆమె పేరు చెబుతున్నాను. మిగతావాళ్ల పేర్లు చెప్పను. డిప్యూటీ మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పనన్నాను.

పద్ధతి ఇది. వంతు వచ్చిన మనిషి పట్టపగలు, మార్సీ, డ్వేన్ ఇద్దరూ ఊళ్లో ఉన్నప్పుడు అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. తల తిరుగుతోందనో, గుండె దడగా ఉందనో చెప్పాలి. వాళ్లు వచ్చి చూస్తారు. ఇప్పుడు బాగానే ఉంది, ఆసుపత్రికి రానని సంతకం పెట్టాలి. ఎక్కకపోతే బిల్లు రాదు. బండి బయటకు వెళ్లినట్టు లెక్క మాత్రం పడుతుంది. ఎవరికీ ఇబ్బంది లేకుండా. నేను అందరితో ఇదే అన్నాను, ఎవరికీ ఇబ్బంది లేకుండా అని.

మార్సీకి తెలియదు. డ్వేన్‌కి తెలియదు. మార్సీ ప్రతిసారీ మోకాళ్ల మీద కూర్చుని బీపీ పట్టీ చుట్టేది, నాడి చూసేది, పేరు అడిగేది. పేరు తనకు తెలిసినా అడిగేది, అది వాళ్ల పద్ధతట. వంతు అయిన ఒకామె మర్నాడు నా దగ్గరకు వచ్చి, "మనిషి చెయ్యి అలా పట్టుకుని ఎన్నాళ్లయిందో లవాన్. నాకింకో వంతు వేస్తావా?" అని అడిగింది. నేను వేశాను.

అక్టోబరు 9, గురువారం. ఆర్డిస్ వంతు. మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ చేసింది. నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను, ధైర్యంగా ఉంటుందని రమ్మంటే వెళ్లాను. బల్ల మీద ఖర్జూరం కేకు ముక్కలు కోసి పెట్టి ఉంచింది. కళ్లు తిరుగుతున్న మనిషి కేకు కోస్తుందా అని నేనే తీసి అలమారలో పెట్టాను.

మార్సీ వచ్చి బీపీ చూసింది. మళ్లీ చూసింది. రెండో చేతికి చుట్టి చూసింది. బీపీ నిజంగానే చాలా ఎక్కువగా ఉంది. ఆర్డిస్ పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడిన మనిషి కాదు. ఆడబోతే ఒళ్లు ఒప్పుకోలేదు.

"ఆసుపత్రికి వెళ్దాం ఆర్డిస్ గారూ," అంది మార్సీ.

"వద్దమ్మా, ఇప్పుడు బాగానే ఉంది. సంతకం పెడతాను."

"ఈ బీపీతో మిమ్మల్ని వదిలి వెళ్లను."

ఆర్డిస్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బీపీ నిజమే కదా, వెళ్తే మంచిదే కదా అనుకున్నాను. ఆమెను బండిలో ఎక్కించారు. మార్సీ వెనక ఆమె దగ్గర కూర్చుంది. నేను ముందు సీట్లో డ్వేన్ పక్కన కూర్చున్నాను. మెరిడన్ ఆసుపత్రి దక్షిణాన, చాలా దూరంలో ఉంది. దక్షిణానికి బయలుదేరాం.

ధాన్యపు గోదాములు దాటాక బండిలో రేడియో మోగింది. ఓరిన్ స్టెన్మో పొలంలో, పొద్దుతిరుగుడు గింజల్ని పైకి ఎక్కించే మరలో ఓరిన్ చెయ్యి ఇరుక్కుంది. ఎస్కెల్ బండి వెళ్లగలదా అని 911 వాళ్లు అడిగారు. ఉత్తరాన పొలం. మేం దక్షిణానికి పోతున్నాం.

మార్సీ వెనక నుంచి రేడియోలో, "నా దగ్గర పేషెంటు ఉంది. బీపీ ప్రమాదంగా ఉంది. దింపలేను. మెరిడన్ బండి పంపండి," అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

నేను డ్వేన్‌తో, "బండి తిప్పు," అన్నాను.

"ఏంటండీ?"

"తిప్పు డ్వేన్. ఆర్డిస్‌కి ఏమీ లేదు. మేం ఆడిన నాటకం ఇది. గ్రాంటు కోసం."

అతను నా మొహంలోకి చూసి మళ్లీ రోడ్డు చూశాడు. "బీపీ నాటకమాడదు కదండీ," అన్నాడు. వెనక ఆర్డిస్ కూడా అదే చెబుతోంది, నాకేమీ లేదమ్మా, అబద్ధం ఆడాను, ఓరిన్ దగ్గరకు వెళ్లండి అని. మార్సీ ఆమెను, "సరే, సరే, కదలకుండా పడుకోండి," అంటోంది. బీపీ పెరిగినవాళ్లు ఏదేదో మాట్లాడతారు, మార్సీ అలాంటి మాటలు చాలా విని ఉంటుంది. నేను నిజం చెప్పాను, అది ఎవరికీ పనికి రాలేదు. దాచిపెట్టుకున్నప్పుడు చెప్పి ఉంటే పనికి వచ్చేది.

దారిలో మెరిడన్ అంబులెన్స్ ఎదురొచ్చింది. లైట్లు వేసుకుని మమ్మల్ని దాటి ఉత్తరానికి పోయింది. అంత వేగంగా పోయే బండిని నేను చూడలేదు. ఎంత వేగంగా పోయినా అది మెరిడన్ నుంచి బయలుదేరిన బండి.

ఓరిన్ దగ్గరకు మొదట చేరింది మా ఊరి ఫైరింజన్. వాళ్లు మర విప్పి చెయ్యి బయటకు తీశారు, కట్టు కట్టారు. వాళ్లకు తెలిసింది అంతవరకే. అంబులెన్స్ వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. ఓరిన్ బతికాడు. కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారు. మా బండి వెళ్లి ఉంటే చెయ్యి దక్కేదా అని నేను ఆసుపత్రిలో డాక్టరు గారిని అడిగాను. చెప్పలేనన్నారు. ఇంకో రోజు వెళ్లి మళ్లీ అడిగాను. చెప్పలేనమ్మా, నిజంగానే చెప్పలేను అన్నారు. ఆర్డిస్‌ను రెండు రోజులు ఉంచుకుని మందులు రాసి పంపారు. ఆమెకు బీపీ జబ్బు ఉందట. ఎప్పటి నుంచో ఉండి ఉండొచ్చట.

మర్నాడు శుక్రవారం మార్సీ పార్లరుకు వచ్చింది. కుర్చీలో కూర్చుంది గాని జుట్టు కత్తిరించమనలేదు.

"లవాన్ గారూ, మీరు బండిలో అన్న మాట డ్వేన్ చెప్పాడు. నేనది రిపోర్టులో రాయాలి."

"రాయి."

"రాస్తే మన లెక్క పోతుంది. స్టేషన్ పోతుంది."

"తెలుసు."

"మీరు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపిస్తోంది. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గుగానూ ఉంది." తరువాత అడిగింది, "ఇన్నాళ్లూ అలా పిలిచినవాళ్లలో నిజంగా బాగోలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను అందరి చేతులూ పట్టుకుని భయపడొద్దని చెప్పానే."

ఆమె రిపోర్టు రాసింది. అది ఆమె చేయాల్సిన పని. ఊళ్లో ఎవరైనా ఆమెను తప్పు పడితే అది అన్యాయం.

ఓరిన్ ఇంటికి వచ్చాక చూడటానికి వెళ్లాను. వాళ్లావిడ గ్లెండా తలుపు తీసింది. మాట్లాడలేదు. ఓరిన్‌కి కాఫీ పోసింది, తను పోసుకుంది, నా ముందు కప్పు పెట్టలేదు. నాకు అదే నయమనిపించింది.

ఓరిన్ ఎడం చేత్తో కప్పు పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. "ఏం లవాన్, నా చెయ్యి లెక్కలోకి వచ్చిందా?" అన్నాడు.

అలా అడిగే మనిషే అతను. నేను క్షమించమని అడుగుదామని వెళ్లాను. అడిగాను కూడా. కిటికీలోంచి కోయకుండా మిగిలిపోయిన పొద్దుతిరుగుడు చేను కనబడుతోంది. పువ్వులన్నీ నల్లబడి కిందకు వంగి ఉన్నాయి. తరువాత అన్నాడు.

"ఆ రోజు నేను మర పక్కన పడుకుని రోడ్డు చూస్తూనే ఉన్నాను. ఎంతకీ రాదే. అప్పుడు నీ సంగతి నాకు తెలియదు గదా. జనవరి నుంచి ఊళ్లో అందరికీ ఇంతే కాబోలు అనుకున్నాను. స్టేషన్ ఎత్తేస్తే ఎవడు పడినా ఇంతసేపూ రోడ్డు చూడాల్సిందే. నువ్వు ముందుగా ఒక్క రోజు చూపించావు, వాళ్లు రోజూ చూపిస్తారు."

"ఓదార్చకు ఓరిన్," అన్నాను.

"ఓదార్చడం లేదు. నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. ఆ పెల్కి మీద కూడా ఉంది. ఎవరి మీద ఎంతో నాకింకా తేలలేదు."

గ్లెండా అప్పుడు మాట్లాడింది. "నాకు తేలింది," అంది. అంతే అంది. నేను లేచి వచ్చేశాను.

ప్రాంతీయ మండలి పోయిన గురువారం సమావేశమైంది. నేను వెళ్లి వెనక కూర్చున్నాను. మా వంతుల పిలుపులన్నీ కొట్టేశారు. ఎవరివి వంతులో, ఎవరివి నిజమో తెలియక కొన్ని నిజమైనవి కూడా కొట్టేశారు. గ్యాసు కాదని తేలిన ఆమెది కూడా కొట్టేశారు. నేను లేచి, అది నిజమండీ అన్నాను. నా మాట ఎందుకు నమ్మాలని ఒకాయన అడిగారు. సబబే. కూర్చున్నాను. జనవరి నుంచి అంబులెన్స్ మెరిడన్‌కు పోతుంది. ఫైరింజన్ ఉంటుంది, దాని గ్రాంటు సగం చేశారు.

మార్సీ లేచి ఒక ప్రశ్న అడిగింది. ఓరిన్ స్టెన్మో పిలుపు ఎస్కెల్‌లో పుట్టిన పిలుపు కదా, అది ఎవరి లెక్కలో పడింది అని. పెల్కి గారు కాగితాలు తిరగేసి, వెళ్లిన బండి మెరిడన్‌ది గనక మెరిడన్ లెక్కలో పడిందన్నారు. ఆయన తల ఎత్తకుండా చెప్పారు. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు.

ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఎవరూ వంతు వేయకుండా, నిజంగా ప్రాణం మీదకు వచ్చి చేసిన పిలుపు అది. అది మాకు లేకుండా చేసింది మండలి కాదు, నేను. దాన్ని మార్చమని కోరడం లేదు. కేసు పెడితే నా ఒక్కదాని మీదే పెట్టమని కోరుతున్నాను. పార్లరుకు వచ్చే వాళ్లకు ఏది చెయ్యొచ్చో ఏది కూడదో చెప్పే అలవాటు నాది, వాళ్లకు నా మాట వినే అలవాటు.

పైన రాసినదంతా డిప్యూటీ రూడ్ నాకు నిదానంగా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ఒక్కచోట మాత్రం, వంతులు "పొరపాటున" వేశానని ఆయన రాశారు. నా మీద దయతో రాసి ఉంటారు. ఆ మాట నేను కొట్టేయించాను. కొట్టేసిన చోట పక్కన నా పొడి అక్షరాలు ఉన్నాయి.

(సంతకం)
లవాన్ ట్వైట్