ఆటకు ముందురోజు శాలువా

(సికింద్రాబాద్, 1954 ఫిబ్రవరి. గోల్ఫ్ క్లబ్బు ఉస్తాద్ ఫకీర్‌కు జరిగిన వీడ్కోలు సభలో బోయిగూడ దర్జీ పర్వతాలు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులు సదాశివరావు గారికి, దోమలు రాని జాలీ వెనక వరండాలో మెత్తని కుర్చీల్లో కూర్చున్న కమిటీ పెద్దలకు, షామియానా కింద దోమలతో కలిసి కూర్చున్న మిత్రులకు, రేపటి పోటీ కోసం ఊళ్లు దాటి వచ్చిన వయసు మళ్లిన వీరులకు, చివరి వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను నవ్వించాలని చూస్తున్న ఫకీర్ ఇల్లాలు, మా వదిన జాన్ బీకి, ఈ సభ తన కోసమే అయినా ఎవరో కుర్చీ చూపించేదాకా నిలబడే ఉన్న మా ఫకీర్‌కు నమస్కారాలు, ఆదాబులు.

కార్యదర్శి గారు నన్ను రెండే రెండు ముక్కలు మాట్లాడమన్నారు. దర్జీ చేతికి రెండు ముక్కలిస్తే వాటికి జేబులు, మడతలు, లోపల అస్తరు పెట్టకుండా ఊరుకోడు. కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. పైగా నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. మెంబర్ల కోట్లు చుట్టి పంపడానికి తెచ్చుకున్న పాత పేపర్లు చదివి చదువుకున్నాను. అందువల్ల నా జ్ఞానమంతా కొద్ది నెలలు ఆలస్యం. మన హైదరాబాదు ఇండియాలో కలవడం నేను కళ్లారా చూసింది నలభై ఎనిమిదిలో, పూర్తిగా చదివింది నలభై తొమ్మిదిలో. (నవ్వులు) అధ్యక్షులవారు ఇందాక చమత్కరించినట్టు, ఇవాళ సమయానికి వచ్చింది నేనొక్కణ్ణే, నాకిచ్చిన బట్టలు ఏనాడూ సమయానికి రాలేదు.

ఇక విషయానికి వస్తాను. రేపు ఆదివారం పొద్దున మన మైదానంలో మొదటిసారి పెద్ద వయసు ఉస్తాదుల పోటీ జరుగుతున్నది. ఇక్కడ వంటవాళ్ల పిల్లలు కూడా ఉన్నారు కనుక విడమరచి చెబుతాను. ఈ ఆటలో రెండు జాతులున్నాయి. చందా కట్టి ఆడేవారు మెంబర్లు. జీతం తీసుకుని వాళ్లకు ఆట నేర్పేవారు ప్రొఫెషనల్లు, మన భాషలో ఉస్తాదులు. మెంబరు ఓడిపోతే గాలి ఎక్కువగా ఉన్నట్టు, ఉస్తాదు గెలిస్తే పాపం వాడికి వేరే పని లేనట్టు లెక్క. యాభై దాటి, ఏదో ఒక క్లబ్బులో ఉద్యోగంలో ఉన్న ఉస్తాదులే రేపు ఆడాలి. గెలిచినవాడు ముందు తలుపులోంచి పెద్ద హాల్లోకి వెళ్లి, రాత్రి విందులో అధ్యక్షులవారి కుడిపక్క కూర్చుని భోంచేస్తాడు. కప్పు చిన్నదే, ఆ కుర్చీయే పెద్దది. దాని సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. ముందు రేపు ఎవరు గెలుస్తారో జోస్యం చెబుతాను.

వీడ్కోలు సభలో పోటీ జోస్యం ఏమిటని అధ్యక్షులవారు కనుబొమ్మ ఎత్తారు. ముప్పై ఏళ్లు ఫకీర్ నా దుకాణం గడప మీద కూర్చుని ఈ ఆట గురించే నా చెవి కొరుక్కుతిన్నాడు. ఒక్క సాయంత్రం నన్ను కూడా వాగనివ్వండి. నా జోస్యం ఇంతవరకు నిజమైంది లేదు కనుక ఎవరూ భయపడనక్కర్లేదు.

మొదటివారు మద్రాసు యేసురాజు గారు. అదుగో, మూడో వరసలో. రెండు పెట్టెలతో దిగారు, ఒకదానిలో బట్టలు, రెండోదానిలో నడుముకు రాసుకునే తైలాలు. సముద్రపు గాలిలో, పచ్చటి గడ్డి మీద ఆడిన మనిషి. మన మొరం నేలలో గడ్డి బతకదు. అందుకని బంతి పడాల్సిన గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి, దుడ్డు కర్రతో లాగి చదును చేసి, అదే పచ్చిక అనుకుంటాం. నిన్న యేసురాజు గారు దాని మీద బంతిని ఇలా ముట్టుకున్నారు, అది గుంటను పలకరించి, అవతలి గట్టు దిగి, కాలవ దగ్గర ఆగింది. ఆయన ఫకీర్ వైపు తిరిగి, "ఏమిటన్నా ఇది, నేలా, నూనె గానుగా?" అన్నారు. ఫకీర్ ఏమన్నాడో ఆయన్నే అడగండి. (యేసురాజు గారు లేచి: "జెర ఇసుకకు సలాం కొట్టి ఆడు భాయ్ అన్నాడండీ!" నవ్వులు)

రెండోవారు బెంగుళూరు నాగూర్ బాషా గారు. పదేళ్లుగా జుట్టుకు గోరింటాకు పట్టించి, ఎవరడిగినా నలభై రెండు అని చెప్పుకుంటూ వచ్చారు. ఇప్పుడు యాభై దాటితేనే ఆట అనేసరికి, గడ్డం మూడు వారాలు పెంచి, తెల్లగా ఉన్నది తెల్లగా ఉన్నట్టే తీసుకొచ్చారు. పెద్దవాణ్ణని ఒట్టు పెట్టుకుని ఒప్పించాల్సి వచ్చిన మనిషిని నేను చూడటం ఇదే మొదలు. ఇంటికి వెళ్లాక బేగం గారికి ఏం చెబుతారో ఆ అల్లాకే తెలియాలి. ఆట మాత్రం దివ్యంగా ఆడతారు, ఎవరూ చూడకపోతే.

మూడోవారు ఊటీ నుంచి వచ్చిన స్టోక్స్ దొర. తెల్లవాళ్లు వెళ్లిపోయిన ఓడలో ఈయనకూ చోటుండేదట. ఇంగ్లండులో చలి పడదని ఆగిపోయారు. ఇదివరకు ఆయన ఇక్కడ ఆడటానికి వచ్చినప్పుడు కోటు మోచేతుల దగ్గర నేనే మూడుసార్లు అతుకు వేశాను. కొత్తది కుట్టించుకోండి దొరా అంటే, "ఈ కోటు ఉన్నంతవరకే నేను దొరను పర్వతాలూ" అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆ కోటులో చేతులు భుజం దాటి లేవవు కనుక గెలుపు మీద నాకు ఆశ లేదు.

మిగతా వారి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అడిగితే వాళ్లూ ఏమీ చెప్పలేకపోయారు.

ఇక ఎనిమిదోవాడు. వరండా మెట్ల దగ్గర నల్లబల్ల మీద రేపటి ఆటగాళ్ల పేర్లు చూశారు కదా. ఎనిమిదో పేరు నిన్నటిదాకా ఉంది, ఇవాళ గీత కొట్టి ఉంది. ఇందాక కార్యదర్శి గారు ఇంగ్లీషులో, ఉర్దూలో, తెలుగులో చదివి వినిపించారు. నెలాఖరు వరకు ఉండాల్సిన ఫకీర్ ఉద్యోగం, ఆయన మీద అభిమానం పట్టలేక, ఈ సాయంత్రమే ముగిస్తున్నారట. శాలువా భుజాన పడిన క్షణం నుంచి ఆయన ఈ క్లబ్బు ఉస్తాదు కాడు. ఉద్యోగంలో లేనివాడు రేపు ఆడకూడదు. ఇంత తొందరగా పొంగుకొచ్చిన అభిమానాన్ని నేను పాలగిన్నెలో తప్ప ఎక్కడా చూడలేదు.

కోప్పడకండి. నేను ఈ క్లబ్బు ఉప్పు తిన్నవాణ్ణే. ఒక కథ చెప్పి దిగిపోతాను.

పోలీస్ యాక్షన్ రోజులు. షోలాపూర్ రోడ్డున సైన్యం వస్తున్నదని రేడియో చెప్పింది. అప్పుడు మన గుంటల దగ్గర జెండాలు పసుపు రంగువి. నిజాం జెండా కూడా పసుపే. అప్పటి కమిటీలో ఉన్న నవాబు గారికి అనుమానం వచ్చింది, పైనుంచి విమానం చూసి ఇదేదో నిజాం ఫౌజు అనుకుని బాంబు వేస్తే? నాకు కబురు పెట్టారు. "పర్వతాలూ, ఫౌరన్, ఈ పూటకే, తెల్లవి కుట్టు." క్లబ్బు బల్లల మీద పరిచే గుడ్డలు చింపి పద్దెనిమిది జెండాలు కుట్టాను. నా జన్మలో అడిగిన రోజుకే ఇచ్చిన సరుకు అదొక్కటే, విమానాల భయంతో. ఇక ఎవరు పాతాలి? కమిటీ మొత్తం సారాయి సీసాలుండే నేలమాళిగలోకి దిగింది, దేశం కోసం. (నవ్వులు) ఫకీర్ ఒక్కడే జెండాలు చంకన పెట్టుకుని మైదానంలోకి వెళ్లాడు. వెళ్లేముందు అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"రంగు మీ ఇష్టం నవాబ్ సాబ్. జెండ మారితె గుంత మారదు."

అయిదోనాడు అంతా ముగిసింది. ఒక కుర్ర మిలిటరీ ఆఫీసరు జీపులో వచ్చి, మైదానమంతా ఎగురుతున్న తెల్ల జెండాలు చూసి అడిగాడు, రాజ్యం మొత్తం ఒక్కసారే లొంగిపోయింది, మీరు పద్దెనిమిదిసార్లు ఎందుకు లొంగారని. ఆ తర్వాత రోజులు మీకు తెలుసు. ఎవరి పేరు ఎవరి చెవికి ఎలా వినబడుతుందోనని జనం తలుపులు వేసుకున్నారు. సీతాఫల్‌మండి నుంచి ఫకీర్ మాత్రం తెల్లారకముందే నడుచుకుంటూ వచ్చి ఇసుక లాగి పోయేవాడు. ఎందుకొస్తున్నావు, నాలుగు రోజులు ఇంట్లో పడి ఉండరాదా అంటే, "ఇసుక గట్టిపడ్తది పర్వతాలు భాయ్, మళ్ల తక్లీఫ్ అయితది" అన్నాడు.

ఈ ముప్పై ఏళ్లలో దొరల కుర్చీలో నవాబులు, నవాబుల కుర్చీలో మిలిటరీవారు, మిలిటరీవారి కుర్చీలో మన సదాశివరావు గారు కూర్చున్నారు. ఆయన నడుము కొలత నా దగ్గరే ఉంటుంది. సర్కార్లు ఎన్ని మారినా ఆయన ఆక్రమించిన అంగుళం వెనక్కి ఇచ్చిన మనిషి కాదు. (నవ్వులు) జెండాలు పసుపు నుంచి తెలుపు, తెలుపు నుంచి ఎరుపు అయ్యాయి, అన్నీ నేనే కుట్టాను. మారనిది ఒక్కటే, ఉస్తాదు వెనక తలుపు దగ్గరే ఆగాలి. ఈ సభ లోపల హాల్లో పెట్టి ఉంటే దోమలు ఉండేవి కావు. కానీ లోపల పెడితే ఫకీర్ లోపలికి రావాలి. అందుకని అందరం కుట్టించుకుంటున్నాం.

ఇప్పుడు ఆ కుర్చీ. రేపు స్టోక్స్ దొర గెలిస్తే మనం లేచి నిలబడతాం. యేసురాజు గారు గెలిస్తే అతిథి, బాషా గారు గెలిచినా అతిథే. ఫకీర్ గెలిస్తే? నూనె ఇసుక మీద బంతిని ఎలా నడపాలో తెలిసినవాడు ఆయన ఒక్కడే కనుక, అది జరిగేలాగే ఉంది. నిన్న మన ఆట కర్రల సంచీ మోసినవాడి పక్కన ఇవాళ కూర్చుని ఉప్పు అందుకోవడమెలా? ఇదీ కమిటీ పరేషాన్. సూపు వడ్డించే నాసర్ స్వయానా ఫకీర్ బావమరిది. బావకు వడ్డించేటప్పుడు చుక్క ఒలకకూడదని వారం రోజులుగా నీళ్లతో సాధన చేస్తున్నాడు. నాసర్, తల దించుకోకు, నువ్వేం తప్పు చేశావు?

ఇవాళ పొద్దున పేరు మీద గీత కొట్టారని తెలిసి జాన్ బీ వదిన నా దుకాణానికి వచ్చింది. అంచు కుట్టమని కమిటీ నాకిచ్చిన శాలువాను మిషను మీద చూసింది. పట్టుకుని కూడా చూడలేదు.

"భాయ్, గీ శాలువతోని నేనేం జెయ్యాలె? ముప్పై ఏండ్ల సంది ఎనక దర్వాజ కాడ టిఫిన్ డబ్బ వట్టుకొని నిలవడ్డ. గెలిస్తె ఒక్కసారి ముంగట దర్వాజల కెల్లి పోతుంటె జూస్త. గెలవకుంటె గెలవకపాయె, మైకుల పేరన్న పిలుస్తరు గద. గది సుత వద్దంటున్రు."

"నేనేం జెయ్యాలె వదినా? నేను దర్జోణ్ణి."

"దర్జోనివే గద. నా కొడుకు పెండ్లి అంగి పెండ్లయినంక మూడొద్దులకు ఇస్తివి. అప్పుడెట్ల చాతనైందో ఇప్పుడు సుత గట్లనే చాతనైతది."

ఇది విని ఫకీర్ ఊరుకున్నాడా? ఇందాక గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "జానే దో భాయ్, నా కోసం నీ గిరాకి పాడు జేసుకోకు" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఫకీర్ చెప్పిన మాట నేను విననిది ఇదొక్కటే.

కార్యదర్శి గారు నా సంచి వైపు చూస్తున్నారు. ఇందులో టేపు, కత్తెర, తమలపాకులు ఉన్నాయి. శాలువా లేదు. అది బోయిగూడలో మిషను మీద ఉంది. అంచు ఒకవైపే కుట్టడమయింది, మూడు వైపులు మిగిలాయి. (నవ్వులు, చప్పట్లు)

ఇవాళకు ఇస్తానన్నావు కదా అంటున్నారు. అన్నాను. ఈ సభలో నేను అన్న రోజుకు బట్ట అందుకున్న మెంబరు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేదు. పూలదండతో సరిపెడదామా అంటున్నారు. కుదరదండి. దండ సంగతి మీ కాగితంలో లేదు. శాలువా పడిన క్షణం అని మీరే మూడు భాషల్లో చదివారు, నేనైతే ఒక్క భాషలో చెప్పినా మరిచిపోయేవాణ్ణి.

అధ్యక్షులవారికి ఇంకొక మనవి. రేపటి విందుకు మీరు వేసుకోవలసిన నల్ల కోటు కూడా అక్కడే ఉంది. మీరు చెప్పినట్టు నడుము దగ్గర విప్పాను, తిరిగి కుట్టలేదు. శాలువా, కోటు ఒకే మూటలో వస్తాయి, రేపు ఆఖరి బంతి గుంటలో పడ్డాక. ఎల్లుండి నుంచి మీ బట్టలన్నీ వేరే దర్జీకి వెళ్లిపోతాయని నాకు తెలుసు. ఆయన వేళకు ఇస్తాడు. అలవాటు లేదు కనుక మీకు కొన్నాళ్లు ఇబ్బందిగా ఉంటుంది.

(సభలో చాలాసేపు నవ్వులు. అధ్యక్షులు కార్యదర్శి చెవిలో ఏదో అన్నారు. కార్యదర్శి సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి వెళ్లారు.)

ఆ ఎనిమిదో పేరు అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయండయ్యా, చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా కనబడాలి. వదినా, ఇంక కొంగు తీసెయ్యి. ఫకీర్, ఎందుకలా నేల చూస్తావు? ఇసుక రేపు చూసుకోవచ్చు, ఇవాళ ఆ బల్ల చూడు.

నన్ను మాట్లాడనిచ్చిన అధ్యక్షులకు, చెవి దగ్గరే నిలబడి విన్న దోమలకు, రేపు మా ఫకీర్ చేతిలో మర్యాదగా ఓడిపోబోయే అతిథులకు కృతజ్ఞతలు. గెలుపు ఓటముల మీద నా జోస్యం ఎన్నడూ నిజం కాలేదని ముందే చెప్పాను. వేళకు బట్ట రాదన్న జోస్యం మాత్రం ఎన్నడూ తప్పలేదు. శాలువా లేదు కనుక ఫకీర్‌కు ఇవాళ సెలవు లేదు. నేను ఇంటికెళ్లి ఆ మూడు వైపులూ మెల్లగా కుట్టుకుంటాను. నాకు మాత్రం సెలవు.